వర్చువల్ మెషీన్ ఉన్నట్టుండి మాయమవుతుంటే: లినక్స్ హోస్ట్‌లో మెమొరీ లెక్క సరిచేసే పద్ధతి

గుంటూరు బ్రాడీపేటలోని ఆడిటరు ఆఫీసులోనైనా, విజయవాడ గవర్నర్‌పేటలోని మందుల డిస్ట్రిబ్యూటరు దగ్గరైనా ఇప్పుడు తరచుగా కనిపించే అమరిక ఒకటుంది. మూల గదిలో ఒక సర్వరు, దానిమీద లినక్స్, ఆ లినక్స్ మీద కేవీఎం (ఒకే సర్వరును పలు కంప్యూటర్లుగా నడిపించే లినక్స్ సదుపాయం) సాయంతో నడిచే రెండు మూడు వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లు, వాటిలో ఒకదానిలో విండోస్, ఆ విండోస్‌లో ట్యాలీ. అన్నీ చక్కగా నడుస్తుండగా, సరిగ్గా జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే 11వ తేదీనో 20వ తేదీనో ఆ విండోస్ మెషీన్ చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. నీలిరంగు తెర రాదు, హెచ్చరిక రాదు. రిమోట్ డెస్క్‌టాప్ తెగిపోతుంది, అంతే. తిరిగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు లేచి, వారం పది రోజులు నడిచి, మళ్లీ పోతుంది.

ఇలాంటప్పుడు విండోస్‌ను తిట్టుకోవడమో, వెంటనే కొత్త ర్యామ్‌కు ఆర్డరు పెట్టడమో పరిపాటి. ఈ తరహా క్రాష్‌లలో చాలావాటికి కారణం వర్చువల్ మెషీన్ లోపల ఉండదు. హోస్ట్, అంటే ఈ మెషీన్లను మోసే అసలు సర్వరు, తన దగ్గరున్న దానికంటే ఎక్కువ మెమొరీని పంచుతానని మాట ఇచ్చింది. అందరూ ఒకేసారి వాడుకోవడానికి వచ్చేసరికి కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) వాళ్లలో అతి పెద్దవాడిని చంపి ఆ కొరతను పూడ్చుకుంది. కనుక మీరు మొదట చేయాల్సింది లెక్క వేయడం, ఆ తర్వాతే మార్పులు. కింది వరుసలో వెళ్తే అనవసరమైన సెట్టింగుల జోలికి పోకుండానే బయటపడవచ్చు. ఆదేశాల పేర్లను, ఫైళ్ల దారులను ఇక్కడ పలికినట్టే రాశాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలలోనే కొట్టాలి.

అన్నిటికంటే ముందు: డేటా

కెర్నెల్ ఒక వర్చువల్ మెషీన్‌ను చంపడమంటే, నడుస్తున్న కంప్యూటరుకు కరెంటు తీగ పీకేయడమే. లోపలి విండోస్‌కు ఫైళ్లు మూసుకునే అవకాశం ఉండదు. అందువల్ల క్రాష్ అయిన మెషీన్‌ను ఆత్రంగా స్టార్ట్ చేయకుండా, అది ఆగి ఉన్న స్థితిలోనే దాని డిస్క్ ఫైలును మరో డిస్క్‌కు కాపీ చేసుకోండి. ఆ తర్వాత లేపి, విండోస్‌లో డిస్క్ చెక్ నడిపి, ట్యాలీలో కంపెనీ తెరుచుకుంటోందో లేదో, చివరగా ఎక్కించిన వోచర్లు ఉన్నాయో లేవో చూడండి. అవసరమైతే ట్యాలీలోని డేటా రిపేర్ వాడండి, కానీ దానికి ముందు కాపీ ఉందని నిర్ధారించుకున్నాకే.

1. పోయింది ఎవరో తేల్చుకోండి

హోస్ట్‌లో లాగిన్ అయి 'అప్‌టైమ్' అని కొట్టండి. సర్వరు గంట క్రితమే లేచినట్టు చూపిస్తే మొత్తం హోస్టే రీబూట్ అయిందని అర్థం. ఆ దోషాన్ని కరెంటులోనో, యూపీఎస్‌లోనో, చెడిపోయిన ర్యామ్ ముక్కలోనో, మే నెలలో విజయవాడ ఎండకు ఏసీ లేని గది ఎక్కిన వేడిలోనో వెతకాలి. ఈ వ్యాసంలోని సెట్టింగులు దానికి పనిచేయవు.

హోస్ట్ నెలల తరబడి ఆగకుండా నడుస్తూనే ఉంటే 'విర్ష్ లిస్ట్ --ఆల్' ఇవ్వండి (విర్ష్ అనేది వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ సాఫ్ట్‌వేర్‌కు ఆదేశాలిచ్చే సాధనం). మీ మెషీన్ ఎదుట 'షట్ ఆఫ్' అని ఉంటే 'విర్ష్ డోమ్‌స్టేట్ --రీజన్' ఆదేశానికి మెషీన్ పేరు జోడించి కారణం అడగండి. బ్రాకెట్లలో 'క్రాష్డ్' అని వస్తే క్యూఎము ప్రాసెస్ (హోస్ట్ మీద ఆ మెషీన్‌ను నడిపించే ప్రోగ్రాము) మామూలుగా ఆగకుండా హఠాత్తుగా ముగిసిందన్నమాట. '/వార్/లాగ్/లిబ్‌వర్ట్/క్యూఎము' ఫోల్డరులో ఒక్కో మెషీన్‌కూ ఒక లాగ్ ఫైలు ఉంటుంది, దాని చివరి వరుస కూడా చూడండి. అక్కడ 'టర్మినేటింగ్ ఆన్ సిగ్నల్ 15' అని కనిపిస్తే, మనిషో మరో ప్రోగ్రామో ఆ మెషీన్‌ను మర్యాదగా ఆపమని అడిగారు. మెమొరీ చాలక కెర్నెల్ చంపేటప్పుడు వాడేది సిగ్నల్ 9. దాన్ని అందుకున్న ప్రాసెస్‌కు లాగ్‌లో వీడ్కోలు మాట రాసుకునే వ్యవధి కూడా ఉండదు.

మూడో సందర్భం వేరు. మెషీన్ నడుస్తూనే ఉంది, లోపల మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాము ఒక్కటే చచ్చిపోయింది. అప్పుడు కొరత ఆ గెస్ట్‌లో, అంటే ఆ వర్చువల్ మెషీన్ లోపలే ఉంది, హోస్ట్‌లో కాదు. దానికి మందు గెస్ట్‌కు మెమొరీ పెంచడం లేదా ఆ ప్రోగ్రాము వాటాను తగ్గించడం. కింద హోస్ట్ కోసం చెప్పే మందు దీనికి సరిగ్గా విరుద్ధం కాబట్టి, ఈ రెండింటినీ కలపవద్దు.

2. కెర్నెల్ రాసిపెట్టిన వాంగ్మూలం చదవండి

'జర్నల్‌సీటీఎల్ -కె' అని కొట్టి, క్రాష్ జరిగిన సమయం దగ్గరికి వెళ్లండి. 'అవుట్ ఆఫ్ మెమొరీ: కిల్డ్ ప్రాసెస్' అనే వరుస, దాని పక్కన బ్రాకెట్లలో 'క్యూఎము-సిస్టమ్-ఎక్స్86' అనే పేరు కనిపిస్తే విషయం తేలిపోయినట్టే. పేరు చివర తెగినట్టుగా ఉండడానికి కారణం, కెర్నెల్ ప్రాసెస్ పేరులో 15 అక్షరాలే దాచుకోవడం. ప్రాక్స్‌మాక్స్‌లో (వర్చువల్ మెషీన్లు నడపడానికే తయారైన లినక్స్ ఆధారిత వ్యవస్థ) అయితే అదే చోట 'కేవీఎం' అని ఉంటుంది. అదే వరుసలో 'అనాన్-ఆర్ఎస్ఎస్' పక్కనున్న అంకె ఆ ప్రాసెస్ నిజంగా ఆక్రమించిన మెమొరీ, కిలోబైట్లలో. ఉదాహరణకు 12845056 అని ఉంటే దాన్ని 1048576తో భాగించండి, 12.25 జీబీ వస్తుంది. మీరు ఆ మెషీన్‌కు 12 జీబీ కేటాయించి ఉంటే, అది తన వాటా మొత్తం వాడేసిందని, పైన కొంత క్యూఎము సొంత ఖర్చు ఉందని తెలుస్తుంది.

దీనికి కొంచెం పైన 'ఊమ్-కిల్:కన్‌స్ట్రెయింట్=' అని మొదలయ్యే మరో వరుస ఉంటుంది ('ఊమ్' అంటే 'అవుట్ ఆఫ్ మెమొరీ'కి పొట్టి రూపం). చాలామంది దాన్ని దాటేసి వెళ్లిపోతారు గానీ, నా అభిప్రాయంలో మొత్తం లాగ్‌లో విలువైన మాట అదే. అక్కడ 'కన్‌స్ట్రెయింట్_నన్' అని ఉంటే హోస్ట్ మొత్తంలోనే మెమొరీ అయిపోయింది. మీరు 3వ మెట్టుకు వెళ్లాలి. 'కన్‌స్ట్రెయింట్_మెమ్‌సీజీ' అని ఉంటే హోస్ట్‌లో ఖాళీ ఉన్నా, ఆ ఒక్క మెషీన్ చుట్టూ ఎవరో గీసిన గీత దాటినందుకు అది చచ్చింది. 'కన్‌స్ట్రెయింట్_మెమొరీ_పాలసీ' లేదా 'కన్‌స్ట్రెయింట్_సీపీయూసెట్' అని ఉంటే, రెండు ప్రాసెసర్ల సర్వరులో ఒక పక్క నిండిపోయి, రెండో పక్క ఖాళీగా ఉండిపోయింది. ఈ రెండు రకాల సంగతి 6వ మెట్టులో ఉంది.

కెర్నెల్ లాగ్‌లో ఏమీ లేకపోతే 'జర్నల్‌సీటీఎల్ -యూ సిస్టమ్‌డీ-ఊమ్‌డీ' కూడా చూడండి. ఉబుంటు 22.04 డెస్క్‌టాప్ మీదనో, ఫెడోరా మీదనో మెషీన్లు నడిపేవారి దగ్గర కెర్నెల్ కంటే ముందే ఈ సేవ చేతులు దూర్చే అవకాశముంది. 'హార్డ్‌వేర్ మెమొరీ కరప్షన్' అన్న మాట కనిపిస్తే మాత్రం సెట్టింగులన్నీ పక్కనపెట్టి ర్యామ్ ముక్కలను పరీక్షించండి.

3. లెక్క వేయండి

వర్చువల్ మెషీన్‌కు 12 జీబీ అని రాసినంత మాత్రాన హోస్ట్ ఆ 12 జీబీని వెంటనే తీసి పక్కన పెట్టదు. గెస్ట్ ఒక పేజీని (మెమొరీలో ఒక చిన్న ముక్క) మొదటిసారి తాకినప్పుడే హోస్ట్ దానికి నిజమైన ర్యామ్‌ను ఇస్తుంది. గుంటూరు చుట్టుపక్కల ఏదో ఒక కోల్డ్ స్టోరేజీలో లక్ష మిర్చి టిక్కీలకే (బస్తాలకే) చోటున్నా, రైతులందరూ ఒకేరోజు సరుకు తేరన్న ధైర్యంతో యజమాని లక్షా పాతికవేల టిక్కీలకు ఒప్పుకున్నాడనుకోండి. లినక్స్ చేసేదీ అదే. సీజను మొదట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు. చిక్కంతా అందరి లారీలూ గేటు దగ్గరికి వచ్చిన రోజునే.

ఆ రోజు మీరు అనుకున్నదానికంటే త్వరగా వస్తుంది, దానికి రెండు కారణాలున్నాయి. విండోస్ తన ఖాళీ పేజీలను సున్నాలతో నింపి ఉంచుకుంటుంది కనుక బూట్ అయిన కొద్దిసేపటికే తనకిచ్చిన మెమొరీలో దాదాపు అంతటినీ తాకేస్తుంది. లోపల టాస్క్ మేనేజరులో 4 జీబీ వాడుక కనిపిస్తున్నా హోస్ట్ దృష్టిలో 12 జీబీ ఖర్చయినట్టే. లినక్స్ గెస్ట్ నెమ్మదిగా అదే పని చేస్తుంది: చదివిన ప్రతి ఫైలునూ కాషేలో (మళ్లీ త్వరగా అందేలా మెమొరీలో దాచే చోటు) ఉంచుకుంటూ రోజులు గడిచేకొద్దీ తన వాటా నింపుకుంటుంది, ఒకసారి తీసుకున్న పేజీలను మామూలుగా హోస్ట్‌కు తిరిగి ఇవ్వదు. రీబూట్ చేస్తే వారం పది రోజులు బాగుండి మళ్లీ క్రాష్ కావడం వెనక ఉన్న రహస్యం ఇదే.

ఇక అంకెలు. 32 జీబీ సర్వరు ఉందనుకుందాం. హార్డ్‌వేర్, కెర్నెల్ తీసుకున్నది పోగా 'ఫ్రీ -హెచ్' ఆదేశంలో మొత్తం 31 జీబీ చుట్టూ కనిపిస్తుంది. అందులో హోస్ట్ సొంత అవసరాలకు, అంటే కెర్నెల్‌కు, లిబ్‌వర్ట్‌కు, బ్యాకప్ స్క్రిప్టులకు, ఎస్ఎస్‌హెచ్‌కు కలిపి 3 జీబీ తీసేయండి. ప్రతి మెషీన్‌కూ దాని ర్యామ్ కాకుండా వీడియో మెమొరీ, డిస్క్ బఫర్లు, థ్రెడ్ల కోసం క్యూఎము అదనంగా కొంత తింటుంది. మెషీనుకు అర జీబీ చొప్పున వేసుకోవడం నా అలవాటు. మూడు మెషీన్లకు ఒకటిన్నర జీబీ. మిగిలేది ఇరవై ఆరున్నర. ఇప్పుడు మీరు పంచినది చూడండి: ట్యాలీ విండోస్‌కు 12, బయోమెట్రిక్ హాజరు నడిచే రెండో విండోస్‌కు 10, ఫైల్ సర్వరు లినక్స్‌కు 8, వెరసి 30. మూడున్నర జీబీ లోటు. క్రాష్‌కు వేరే కారణం వెతకనక్కర్లేదు.

'ఫ్రీ' ఆదేశం చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 'ఫ్రీ' అన్న నిలువు వరుస చిన్నదిగా ఉన్నంత మాత్రాన కంగారు పడకండి, పెద్దదిగా ఉంటే నిశ్చింతగానూ ఉండకండి. చూడాల్సింది 'అవైలబుల్' అన్న వరుస. కెర్నెల్ అవసరమైతే ఖాళీ చేయగల కాషేను కూడా అంచనా వేసి చెప్పేది అదే.

4. వాటాలు తగ్గించండి

పై ఉదాహరణలో 10, 8, 6 చొప్పున పంచితే మొత్తం 24 అవుతుంది, రెండున్నర జీబీ ఊపిరి మిగులుతుంది. ఏ మెషీన్‌కు ఎంత తగ్గించాలో తేల్చడానికి, పని ఎక్కువగా ఉన్న రోజు మధ్యాహ్నం గెస్ట్ లోపలికే వెళ్లి నిజమైన వాడుక చూడండి. ట్యాలీ నడిచే విండోస్‌కు ఎంతమంది ఒకేసారి లాగిన్ అవుతారన్నదే అసలు ప్రశ్న. ఇద్దరే వాడే మెషీన్‌కు 12 జీబీ ఇవ్వడం ఉదారతే.

మార్చడానికి 'విర్ష్ సెట్‌మ్యాక్స్‌మెమ్', 'విర్ష్ సెట్‌మెమ్' అనే రెండు ఆదేశాలకూ మెషీన్ పేరు, కొత్త పరిమాణం, చివర '--కాన్ఫిగ్' జోడించి, రెండింటిలోనూ ఒకే అంకె ఇవ్వండి. ఇక్కడ పొంచి ఉన్న ఉచ్చు ఒకటుంది. ఉత్త అంకె ఇస్తే విర్ష్ దాన్ని కిలోబైట్లుగా లెక్కిస్తుంది. ఎంబీ అనుకొని 10240 అని కొడితే ఆ మెషీన్‌కు దక్కేది 10 ఎంబీ, అది అసలు లేవదు. అంకె వెంట 'జి' అక్షరం చేర్చి '10జి' అని ఇవ్వడం క్షేమం.

మరో సంగతి: విండోస్ లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే ఈ మార్పు అమలు కాదు. రీస్టార్ట్‌లో గెస్ట్ మాత్రమే తిరిగి లేస్తుంది, హోస్ట్‌లో ఉన్న క్యూఎము ప్రాసెస్ పాతదే. పూర్తిగా షట్ డౌన్ చేసి, 'విర్ష్ లిస్ట్'లో ఆ పేరు కనిపించడం లేదని చూసుకొని, అప్పుడు 'విర్ష్ స్టార్ట్' ఇవ్వాలి.

బెలూన్ డ్రైవరు మీద ఆధారపడి ఎక్కువ పంచవచ్చునని కొందరు అంటారు. అది గెస్ట్ లోపల మెమొరీని ఉబ్బించి పట్టుకొని హోస్ట్‌కు తిరిగి ఇప్పించే ఏర్పాటు. ప్రాక్స్‌మాక్స్‌లో కనిష్ఠ మెమొరీ విడిగా పెట్టి ఉంటే, హోస్ట్ వాడుక 80 శాతం దాటాక ఇది తనంతట పనిచేయడం మొదలుపెడుతుంది; ఉత్త లిబ్‌వర్ట్‌లో మాత్రం మీరు ఆదేశం ఇస్తే తప్ప కదలదు. విండోస్‌లో విర్ట్‌ఐఓ బెలూన్ డ్రైవరు, దాని సేవ రెండూ పెట్టి ఉండాలి, లేకపోతే కాగితం మీద తగ్గిన మెమొరీ నిజంగా తగ్గదు. గ్రాఫిక్స్ కార్డును నేరుగా అప్పగించిన మెషీన్‌లో అయితే మొత్తం మెమొరీ మొదట్లోనే బిగుసుకుపోతుంది కనుక బెలూన్‌కు పనే లేదు. చిన్న ఆఫీసుకు స్థిరమైన వాటాలే మంచివని నా ఉద్దేశం. లినక్స్ గెస్ట్‌ల విషయంలో ఒక మధ్యేమార్గం ఉంది: గెస్ట్‌లో 5.7 లేదా ఆపై కెర్నెల్, హోస్ట్‌లో క్యూఎము 5.1 లేదా ఆపై ఉంటే బెలూన్ పరికరానికి 'ఫ్రీ పేజ్ రిపోర్టింగ్' ఆన్ చేయవచ్చు. అప్పుడు గెస్ట్ తనకు అక్కర్లేని పేజీలను హోస్ట్‌కు తనే అప్పజెబుతుంది.

5. స్వాప్ ఉంచండి, ఓవర్‌కమిట్‌ను కదపకండి

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందనో, సర్వరుకు ఎందుకనో స్వాప్ (మెమొరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) లేకుండా ఇన్‌స్టాల్ చేసిన హోస్ట్‌లు చాలా ఉంటాయి. అలాంటి హోస్ట్‌లో రాత్రి బ్యాకప్ నడిచే కొద్ది నిమిషాల ఒత్తిడికే కెర్నెల్ కత్తి తీస్తుంది. 4 నుంచి 8 జీబీ స్వాప్ ఆ కొద్ది నిమిషాలను దాటిస్తుంది. 'డీడీ'తో ఫైలు తయారుచేసి, 'సీహెచ్‌మాడ్ 600'తో ఇతరులకు కనిపించకుండా చేసి, 'ఎంకేస్వాప్', ఆపై 'స్వాప్ఆన్' ఇచ్చి, రీబూట్ తర్వాత కూడా ఉండేలా '/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్'లో ఒక వరుస చేర్చండి. జడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థ వాల్యూమ్ మీద మాత్రం స్వాప్ పెట్టవద్దు. మెమొరీ చాలనప్పుడు స్వాప్‌కు రాయడానికి జడ్ఎఫ్ఎస్‌కే మెమొరీ కావలసి వచ్చి హోస్ట్ మొత్తం బిగుసుకుపోయే ప్రమాదముంది. 'వీఎం.స్వాపినెస్' సహజ విలువ 60. వర్చువల్ మెషీన్ల హోస్ట్‌లో దాన్ని 10కి తగ్గిస్తే గెస్ట్‌ల పేజీలు అనవసరంగా డిస్క్‌కు పోవు. మెషీన్లు రోజంతా స్వాప్ మీద నడుస్తుంటే అది వైద్యం కాదు, 3వ మెట్టు లెక్క ఇంకా తప్పుగానే ఉందని గుర్తు.

ఓవర్‌కమిట్ (ఉన్నదానికి మించి మెమొరీ ఇస్తానని మాట ఇవ్వడం) విషయంలో దొరికే సలహాలు ఎక్కువగా హాని చేసేవే. 'వీఎం.ఓవర్‌కమిట్_మెమొరీ'ని 2 చేస్తే కెర్నెల్ ఇక ఉన్నదానికి మించి మాట ఇవ్వదన్నది నిజమే. కానీ ఆ 'ఉన్నది' ఎలా లెక్కిస్తుందో చూడండి: స్వాప్ మొత్తం, దానికి ర్యామ్‌లో 'ఓవర్‌కమిట్_రేషియో' శాతం కలుపుతుంది, ఆ శాతం సహజ విలువ 50. 32 జీబీ ర్యామ్, 4 జీబీ స్వాప్ ఉంటే పరిమితి 20 జీబీ. 10, 8, 6 చొప్పున ఇచ్చిన మన మెషీన్లలో మూడోది 'కెనాట్ అలొకేట్ మెమొరీ' అని చెప్పి స్టార్టే కాదు, సగానికి దగ్గరగా ర్యామ్ ఖాళీగా ఉన్నా సరే. 1 చేస్తే మామూలుగా ఉండే కాస్త అడ్డు కూడా తొలగిపోతుంది. సహజ విలువ అయిన 0 దగ్గరే వదిలేయండి. ఎవరైనా ముందే మార్చారేమో తెలియాలంటే 'సిస్‌సీటీఎల్ వీఎం.ఓవర్‌కమిట్_మెమొరీ' అని అడిగితే చాలు. '/ప్రాక్/మెమ్‌ఇన్ఫో'లో 'కమిట్‌లిమిట్', 'కమిటెడ్_ఏఎస్' అనే రెండు వరుసలు కూడా పోల్చి చూసుకోవచ్చు.

6. ఎవరో గీసి మరిచిపోయిన గీతలు

లాగ్‌లో 'మెమ్‌సీజీ' అని వచ్చిందా? ఆ మెషీన్ ఎక్స్ఎంఎల్‌లో (దాని సెట్టింగులుండే ఫైలు) 'మెమ్‌ట్యూన్' కింద 'హార్డ్_లిమిట్' ఉండి ఉంటుంది. గెస్ట్‌కు 8 జీబీ కదా అని హార్డ్ లిమిట్ కూడా 8 జీబీ పెడితే, క్యూఎము సొంత ఖర్చుకు చోటు లేక మెషీన్ చావడం ఖాయం. ఈ పరిమితి పెట్టవద్దని, అంచనా తక్కువైతే కెర్నెల్ మెషీన్‌ను చంపేస్తుందని లిబ్‌వర్ట్ పత్రాలే గట్టిగా హెచ్చరిస్తాయి. 'విర్ష్ మెమ్‌ట్యూన్' ఆదేశంతో '--హార్డ్-లిమిట్ -1 --కాన్ఫిగ్' ఇచ్చి దాన్ని తీసేయండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు సాకెట్ల సర్వర్లలో ర్యామ్ రెండు నోడ్లుగా, అంటే ఒక్కో ప్రాసెసరుకు ఒక్కో వాటాగా చీలి ఉంటుంది. 'న్యూమాసీటీఎల్ --హార్డ్‌వేర్' ఆదేశం ఏ నోడులో ఎంత ఖాళీ ఉందో చూపిస్తుంది. మెషీన్ ఎక్స్ఎంఎల్‌లో 'న్యూమాట్యూన్' కింద 'స్ట్రిక్ట్' అని ఉంటే, మొదటి నోడు నిండిన వెంటనే రెండో నోడులో 14 జీబీ ఖాళీగా ఉన్నా ఆ మెషీన్‌కు అది దక్కదు. 'ఫ్రీ -హెచ్' చూసినవారికి మెమొరీ పుష్కలంగా కనిపిస్తుంది, మెషీన్ మాత్రం మెమొరీ లేకే చచ్చి ఉంటుంది. 'స్ట్రిక్ట్'ను 'ప్రిఫర్డ్'గా మార్చండి, లేదా మెషీన్లను రెండు నోడ్ల మీదికి సమంగా పంచండి.

హ్యూజ్ పేజీలు, అంటే ముందే కేటాయించి ఉంచే పెద్ద మెమొరీ ముక్కలు, ఇంకో రకం గీత. ఎక్స్86 యంత్రాల మీద ఒక్కోటి 2 ఎంబీ, 'వీఎం.ఎన్ఆర్_హ్యూజ్‌పేజెస్' 4096 అయితే 8 జీబీ వాటికి అంకితమైపోయినట్టు. ఆ 8 జీబీని హ్యూజ్ పేజీలు అడిగిన మెషీన్ తప్ప మరెవరూ వాడుకోలేరు. 32 జీబీ హోస్ట్‌లో 15360 అని పెట్టారంటే 30 జీబీ బిగించేశారు, హోస్ట్‌కు మిగిలింది ఒకటో రెండో. '/ప్రాక్/మెమ్‌ఇన్ఫో'లో 'హ్యూజ్‌పేజెస్_టోటల్', 'హ్యూజ్‌పేజెస్_ఫ్రీ' చూడండి. మొత్తం పెద్దదిగా ఉండి, ఖాళీ కూడా దాదాపు అంతే ఉంటే, ఎవరూ వాడని మెమొరీని తాళం వేసి ఉంచారన్నమాట. దానికి తిరకాసు సందర్భం కూడా ఉంది: మెషీన్ హ్యూజ్ పేజీలనే నమ్ముకొని, అవి మధ్యలో అయిపోతే బస్ ఎర్రర్‌తో, అంటే సిగ్నల్ 7తో, పడిపోతుంది. చిన్న ఆఫీసుల పనికి వీటివల్ల కలిగే వేగం కంటికి ఆనదు. విలువను 0 చేసి, ఎక్స్ఎంఎల్‌లోని 'హ్యూజ్‌పేజెస్' ప్రస్తావన కూడా తీసేయడం మేలు.

ప్రాక్స్‌మాక్స్‌ను జడ్ఎఫ్ఎస్‌తో పెట్టుకున్నవారు మరో పద్దును లెక్కలో రాసుకోవాలి. జడ్ఎఫ్ఎస్ తన ఆర్క్ అనే కాషే కోసం, ఓపెన్‌జడ్ఎఫ్ఎస్ 2.2 వరకు లినక్స్ మీద సహజంగా సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది. అడిగితే తిరిగి ఇస్తుంది గానీ, కెర్నెల్ తొందర పెట్టినంత వేగంగా ఇవ్వదు. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా చేసే ఇన్‌స్టాలేషన్లలో దీన్ని ర్యామ్‌లో 10 శాతానికి, గరిష్ఠంగా 16 జీబీకి పరిమితం చేశారు. పాత వెర్షను నుంచి అప్‌గ్రేడ్ అయిన హోస్ట్‌లలో మాత్రం మీరే '/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ/జడ్ఎఫ్ఎస్.కాన్ఫ్' ఫైలులో 'జడ్ఎఫ్ఎస్_ఆర్క్_మ్యాక్స్' పెట్టాలి. విలువ బైట్లలో ఉండాలి, 4 జీబీ అయితే 4294967296. తర్వాత 'అప్‌డేట్-ఇనిట్‌ఆర్ఏఎంఎఫ్ఎస్ -యూ' నడిపి రీబూట్ చేయాలి.

7. ఎవరు పోవాలో మీరే నిర్ణయించండి

లెక్క సరిచేశాక కూడా ఎప్పుడో ఒకరోజు ఏదో ప్రోగ్రాము అదుపు తప్పవచ్చు. కెర్నెల్ సహజంగా ఎక్కువ మెమొరీ పట్టినవాడినే ఎంచుకుంటుంది, అది ట్యాలీ మెషీనే కావచ్చు. ఒక్కో ప్రాసెస్‌కు '/ప్రాక్' కింద ఉండే 'ఊమ్_స్కోర్_అడ్జ్' ఫైలులో -1000 నుంచి 1000 వరకు అంకె రాసి ఈ ఎంపికను మార్చవచ్చు. ముఖ్యమైన మెషీన్‌కు -500 ఇవ్వడం కంటే, పోయినా ఫరవాలేని పరీక్షల మెషీన్‌కు 500 ఇవ్వడమే నాకు నచ్చే పద్ధతి. అన్నిటికీ -1000 ఇచ్చి అమర్చేస్తే, చంపడానికి ఎవరూ మిగలక 'సిస్టమ్ ఈజ్ డెడ్‌లాక్డ్ ఆన్ మెమొరీ' అంటూ కెర్నెలే పానిక్ అవుతుంది, అన్ని మెషీన్లూ ఒకేసారి పోతాయి.

ఈ అంకె మెషీన్ స్టార్ట్ అయిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. '/ఈటీసీ/లిబ్‌వర్ట్/హుక్స్/క్యూఎము' అనే స్క్రిప్టులో 'స్టార్టెడ్' సంఘటన వచ్చినప్పుడు '/రన్/లిబ్‌వర్ట్/క్యూఎము' ఫోల్డరులో మెషీన్ పేరుతో ఉన్న పీఐడీ (ప్రాసెస్ సంఖ్య) ఫైలు చదివి రాయించవచ్చు. స్క్రిప్టు మొదటిసారి పెట్టినప్పుడు లిబ్‌వర్ట్ సేవను రీస్టార్ట్ చేయడం మరవకండి. అన్నట్టు, 'ఆన్_క్రాష్' దగ్గర 'రీస్టార్ట్' అని ఉంది కదా, మెషీన్ తనే లేస్తుందిలే అనుకోవద్దు. అది గెస్ట్ లోపలి కెర్నెల్ కుప్పకూలినప్పటి సంగతి. క్యూఎము ప్రాసెస్‌నే చంపేస్తే లిబ్‌వర్ట్ దాన్ని ఆగిపోయినట్టు నమోదు చేసుకొని ఊరుకుంటుంది.

8. కావాలనే ఒత్తిడి పెట్టి చూడండి

మార్పులన్నీ అయ్యాక రాత్రిపూట, రిటర్నుల తేదీలకు దూరంగా ఉన్న రోజు చూసుకొని, అన్ని మెషీన్లనూ లేపండి. లినక్స్ గెస్ట్‌లో 'స్ట్రెస్-ఎన్‌జీ'కి '--వీఎం 1 --వీఎం-బైట్స్ 90%' ఇచ్చి నడపండి. విండోస్ గెస్ట్‌లలో పెద్ద కంపెనీ డేటా తెరిచి రిపోర్టులు తీయండి. అదే సమయంలో హోస్ట్ బ్యాకప్‌ను కూడా మొదలుపెట్టండి. హోస్ట్‌లో 'వీఎంస్టాట్ 1' నడుస్తుండగా 'ఎస్ఐ', 'ఎస్ఓ' (స్వాప్ నుంచి వచ్చేది, స్వాప్‌కు పోయేది) నిలువు వరుసలు చూడండి. అప్పుడప్పుడు అంకెలు మెరిసి సున్నాకు వస్తే ఫరవాలేదు. ఆగకుండా వేలల్లో కదులుతుంటే వాటాలు ఇంకా ఎక్కువే. కెర్నెల్ 4.20 నుంచి '/ప్రాక్/ప్రెషర్/మెమొరీ' అనే ఫైలు కూడా అందుబాటులో ఉంది. అందులో 'ఫుల్' వరుసలో 'ఏవీజీ60' (గత 60 సెకన్లలో మెమొరీ కోసం పనులన్నీ ఆగిపోయిన సమయం, శాతంలో) సున్నా దగ్గర ఉండాలి. అది పదికి చేరి నిలబడితే నేనైతే ఆ హోస్ట్‌ను ఆఫీసు పనికి అప్పగించను.

ఇంత చేశాక కూడా 3వ మెట్టు లెక్కలో లోటే వస్తుంటే, గెస్ట్‌ల నిజమైన వాడుకే హోస్ట్‌ను మించి ఉంటే, అప్పుడు ర్యామ్ కొనండి. కొనేముందు 'డీఎంఐడీకోడ్ -టీ మెమొరీ' ఇచ్చి, బోర్డులో ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో, గరిష్ఠ పరిమితి ఎంతో, ఇప్పుడున్నవి రిజిస్టర్డ్ రకమో కాదో రాసుకొని దుకాణానికి వెళ్లండి; రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ ముక్కలు ఒకే బోర్డులో కలిసి పనిచేయవు. కొత్త ముక్కలు బిగించాక మెషీన్లను లేపకముందే ఒక రాత్రి మెమ్‌టెస్ట్86+ కనీసం ఒక పూర్తి చుట్టు తిరగనివ్వండి. తర్వాత మెషీన్ల వాటాలు పెంచేటప్పుడు హ్యూజ్ పేజీల సంఖ్య, ఆర్క్ పరిమితి, హార్డ్ లిమిట్ వంటివి పాత ర్యామ్‌కు తగ్గట్టు రాసిన చోట్లను కూడా వెతికి మార్చండి. మీరు చేత్తో రాసిన అంకెలు వాటంతటవి పెరగవు.